ఒక మ్యాచ్‌కి ఎంతమంది రెఫరీలు ఉండాలి?



ఈ నెల ‘పిల్లలతో కలిసి ఆలోచిద్దాం’ శీర్షికకు మేం ఎంచుకున్న ప్రశ్న పైకి చాలా చిన్నది. అమెరికాలో ఒక హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరపాలంటే మైదానంలో ఎంతమంది అఫీషియల్స్ ఉండాలి? నలుగురు చాలా? ఐదుగురా? ఏడుగురు కావాలా?

‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు, అమెరికా ఆట గొడవ మనకెందుకు’ అని మీకు అనిపించవచ్చు. ఎందుకో రెండు మాటల్లో చెప్తాం. మీలో చాలామందికి అన్నయ్యో, చెల్లెలో, బావగారో అక్కడ ఉండే ఉంటారు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. శుక్రవారం సాయంత్రమైతే అక్కడి పిల్లలకు స్కూల్ స్టేడియమే లోకం. ఇది మొదటి కారణం. రెండోది ఇంకా ముఖ్యమైనది. ఈ ఒక్క ప్రశ్నలో మీ అబ్బాయి, అమ్మాయి చదివే వైశాల్యం, భాగహారం, చరిత్ర, పౌరశాస్త్రం అన్నీ ఉన్నాయి. తల్లిదండ్రులుగా మనకు సంబంధించిన పాఠం ఒకటి చివర్లో ఉంది. అక్కడిదాకా ఓపికగా చదవమని మనవి.

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనం టీవీలో చూసే మెస్సీ, రొనాల్డోల ఆట కాదు. దాన్ని అక్కడ సాకర్ అంటారు. ఇది కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఒక్కో జట్టు నుంచి 11 మంది, మొత్తం 22 మంది మైదానంలో ఉంటారు. అందరికీ హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు ఉంటాయి. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. వెళ్ళలేకపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. హైస్కూల్ మ్యాచ్‌లో 12 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు ఆడతారు.

బంతి కదిలిన ప్రతిసారీ 22 మంది ఒకేసారి కదులుతారు. గుద్దుకోవడం, తోసుకోవడం ఈ ఆటలో తప్పు కాదు. కానీ ఎలా గుద్దాలి, ఎక్కడ పట్టుకోకూడదు, ఎవర్ని ముట్టుకోకూడదు అన్నవాటికి కచ్చితమైన నియమాలున్నాయి. ఒక్కో ప్రయత్నం కొద్ది సెకన్లలో అయిపోతుంది. ఆ కొద్ది సెకన్లలో ఎవరేం చేశారో చూడాల్సింది చారల చొక్కా వేసుకున్న అఫీషియల్సే. ఎక్కువ హైస్కూల్ మ్యాచుల్లో టీవీ రీప్లే ఉండదు. చూసింది చూసినట్టు, తప్పిపోయింది తప్పిపోయినట్టే.

గజాల లెక్క

యార్డు అంటే మన గజమే, మూడు అడుగులు. మైదానం పొడవు 100 గజాలు. రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్లు ఉంటాయి కాబట్టి మొత్తం 120 గజాలు. వెడల్పు 160 అడుగులు, అంటే 53 గజాల ఒక అడుగు. ఈ రెంటినీ గుణిస్తే సరిగ్గా 6,400 చదరపు గజాలు వస్తుంది.

ఈ అంకె పిల్లలకు ఏమీ అనిపించకపోవచ్చు, మీకు మాత్రం వెంటనే అర్థమవుతుంది. 200 గజాల ప్లాట్లు 32. ఎకరాల్లో చెప్పాలంటే ఎకరం 13 గుంటలకు కొంచెం తక్కువ.

ఇప్పుడు భాగహారం. నలుగురు అఫీషియల్స్ ఉంటే ఒక్కొక్కరి వాటాకు 1,600 గజాలు వస్తాయి, అంటే ఎనిమిది ప్లాట్లు. ఐదుగురైతే 1,280 గజాలు. ఏడుగురైతే 914 గజాలు, నాలుగున్నర ప్లాట్లకు కాస్త ఎక్కువ.

మనకు బాగా తెలిసిన కబడ్డీతో పోల్చి చూడండి. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. అంటే 130 చదరపు మీటర్లు, సుమారు 155 గజాలు. ఒక ప్లాటు కన్నా తక్కువ. అందులో ఇరువైపులా కలిపి 14 మంది ఆడతారు. దానికి ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు సహాయ స్కోరర్లు ఉంటారు. ఆరుగురు! స్కోరర్లను పక్కన పెట్టినా ఒక చిన్న కోర్టుకు ముగ్గురు కళ్ళప్పగించి చూస్తారు. అలాంటప్పుడు 32 ప్లాట్లంత మైదానానికి నలుగురు సరిపోతారా?

వెంటనే ‘సరిపోరు’ అనేయకండి. అఫీషియల్స్ నేలను కాపలా కాయరు, మనుషుల్ని చూస్తారు. ఆటగాళ్ళు మైదానం అంతటా సమానంగా పరుచుకుని ఉండరు, ఎక్కువమంది బంతి చుట్టూనే ఉంటారు. కాబట్టి వైశాల్యాన్ని భాగించడం మొదటి మెట్టు మాత్రమే. అసలు లెక్క ముందుంది.

ఎవరు ఎక్కడ నిలబడతారు?

అమెరికాలో హైస్కూల్ ఆటలకు నియమాలు రాసే జాతీయ సమాఖ్య ఒకటుంది. 1920లో మొదలైంది, ఇండియానాపొలిస్‌లో ఉంటుంది. దాదాపు అన్ని రాష్ట్రాలూ దాని నియమాలతోనే ఫుట్‌బాల్ ఆడతాయి. టెక్సాస్ మాత్రం కాలేజీ నియమాలను కొద్ది మార్పులతో వాడుకుంటుంది. ఏ మ్యాచ్‌కి ఎంతమంది అఫీషియల్స్ అన్నది ఆయా రాష్ట్రాల సంఘాలు తేల్చుకుంటాయి. చాలాచోట్ల స్కూలు ప్రధాన జట్టు మ్యాచ్‌కి ఐదుగురు ఉంటారు. కొన్నిచోట్ల, ముఖ్యంగా ప్లేఆఫ్ మ్యాచ్‌లకు, ఏడుగుర్ని పెడతారు. జూనియర్ జట్ల మ్యాచ్‌లకు నలుగురు, ఒక్కోసారి ముగ్గురే ఉంటారు.

ఐదుగురు ఉంటే వాళ్ళ స్థానాలు ఇవీ:

రెఫరీ. తెల్ల టోపీ ఈయనదే, మిగతా అందరివీ నల్ల టోపీలు. బంతి విసిరే కుర్రాడికి పది పన్నెండు గజాల వెనక నిలబడతారు. ఆ కుర్రాడు బంతి విసిరేశాక ఎవరైనా వచ్చి గుద్దుతున్నారా అని చూడటం ఈయన ముఖ్యమైన పని. చివరి మాట కూడా ఈయనదే.

అంపైర్. రెఫరీకి ఎదురుగా, అడ్డుకునే జట్టు ముందు వరుస వెనక, గుంపు మధ్యలో ఉంటారు. ముందు వరుసలో భారీ ఆటగాళ్ళు ఒకర్నొకరు తోసుకునేచోట చొక్కా పట్టి లాగడం, కాళ్ళకు అడ్డం పడటం వంటివి చూస్తారు.

లైన్స్‌మన్. బంతి ఉన్న గీతకు సూటిగా, మైదానం ఒక అంచున నిలబడతారు. బంతి కదలకముందే ఎవరైనా గీత దాటారా అన్నది ఈయన చూస్తారు. పది గజాల గొలుసు పట్టుకునే బృందం ఈయన అజమాయిషీలోనే పనిచేస్తుంది. ఆ బృందం అఫీషియల్స్ లెక్కలోకి రాదు.

లైన్ జడ్జ్. అదే గీతకు రెండో అంచున ఉంటారు.

బ్యాక్ జడ్జ్. అందరికన్నా వెనక, అడ్డుకునే జట్టు ఆఖరి ఆటగాడికి కూడా అవతల ఉంటారు. బంతి దూరంగా విసిరినా, ఎవరైనా అందరినీ దాటి పరిగెత్తినా చివరి గీత దగ్గర ముందే ఉండి చూడాల్సింది ఈయనే.

నలుగురే ఉన్నప్పుడు ఈ బ్యాక్ జడ్జ్ ఉండరు. అంచుల్లో ఉన్న ఇద్దరే గీతనూ చూడాలి, వెనక్కి పరిగెత్తి దూరంగా పడే బంతినీ చూడాలి. ఏడుగురు ఉన్నప్పుడు రెండు అంచుల్లోనూ, ఓ ఇరవై గజాల అవతల, ఫీల్డ్ జడ్జ్, సైడ్ జడ్జ్ అని మరో ఇద్దరు చేరతారు. అప్పుడు గీత దగ్గరున్నవాళ్ళు తొందరపడి తమ చోటు వదలక్కర్లేదు.

అసలు లెక్క ఒక తీసివేత

ఇప్పుడు మీ పిల్లల్ని ఈ లెక్క అడగండి. బంతి విసిరే ప్రయత్నంలో ఐదుగురు ఆటగాళ్ళు దాన్ని అందుకోవడానికి ఐదు వైపులకు పరిగెత్తవచ్చు. ఒక్కొక్కరి వెంట అడ్డుకునేవాడు కూడా పరిగెత్తుతాడు. చెయ్యి పట్టి లాగడం, బంతి రాకముందే తోసేయడం వంటి తప్పులు అక్కడే ఎక్కువ జరుగుతాయి.

రెఫరీ బంతి విసిరేవాణ్ణి చూడాలి. అంపైర్ ముందు వరుస తోపులాటను చూడాలి. ఈ ఇద్దరూ చూపు తిప్పుకోవడానికి లేదు. కాబట్టి మొత్తం అఫీషియల్స్‌లోంచి రెండు తీసేస్తే మిగిలినవాళ్ళే ఆ ఐదుగురినీ చూడాలి.

నలుగురు ఉంటే: 4 – 2 = 2. ఐదుగురికి ఇద్దరు.
ఐదుగురు ఉంటే: 5 – 2 = 3. ఐదుగురికి ముగ్గురు.
ఏడుగురు ఉంటే: 7 – 2 = 5. ఐదుగురికి ఐదుగురు.

ఏడు అన్న అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు చూడండి. పరిగెత్తే ప్రతి కుర్రాడికీ ఒక జత కళ్ళు దొరికే మొదటి సంఖ్య ఏడు. నాలుగు నుంచి ఏడుకు వెళ్తే అఫీషియల్స్ సంఖ్య రెట్టింపు కూడా కాలేదు. కానీ పరిగెత్తేవాళ్ళను చూసేవాళ్ళు రెండు నుంచి ఐదయ్యారు, అంటే రెండున్నర రెట్లు. వైశాల్యాన్ని భాగించినప్పుడు మనకు కనపడని సంగతి ఈ చిన్న తీసివేతలో కనపడింది. లెక్క చేయడం తెలియడం ఒకటి, ఏ లెక్క చేయాలో తెలియడం ఇంకొకటి. పరీక్షల్లో మన పిల్లలు తడబడేది చాలాసార్లు ఈ రెండోదాని దగ్గరే.

ఈ సంఖ్య ఎలా పెరుగుతూ వచ్చింది?

1905లో ఈ ఆట దాదాపు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అప్పట్లో బంతిని ముందుకు విసరడం నిషేధం. అందరూ గుంపుగా ఒకరిమీద ఒకరు పడేవారు. ఆ ఒక్క సంవత్సరంలోనే దాదాపు ఇరవై మంది చనిపోయారని పత్రికలు రాశాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల ప్రతినిధులను వైట్‌హౌస్‌కి పిలిపించి ఆటను బాగుచేసుకోమని చెప్పారు. మరుసటి ఏడు, 1906లో, బంతిని ముందుకు విసరడానికి అనుమతి ఇచ్చారు. నాలుగు గజాల్లో కుమ్ముకునే గుంపు మెల్లగా మైదానం అంతా పరుచుకుంది.

ఆట పరుచుకుంటే చూసేవాళ్ళూ పరుచుకోవాలి కదా. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ లెక్క చూడండి. 1920లో ముగ్గురితో మొదలైంది. 1929లో నాలుగోవారు, 1947లో ఐదోవారు, 1965లో ఆరోవారు, 1978లో ఏడోవారు చేరారు. పెద్ద కాలేజీల ఆటల్లో ఇప్పుడు ఎనిమిది మంది ఉంటున్నారు. బంతి ఎంత దూరం పోతుంటే, ఆటగాళ్ళు ఎంత వేగంగా పరిగెడుతుంటే అన్ని కళ్ళు పెరిగాయి. హైస్కూల్ పిల్లలు కూడా ఇప్పుడు ముప్పై, నలభై గజాలు బంతి విసురుతున్నారు. కానీ వాళ్ళ మ్యాచ్‌లు మాత్రం చాలాచోట్ల ఐదు దగ్గరే ఉన్నాయి.

ఇది పాయింట్ల గొడవ మాత్రమే కాదు

ఒక టచ్‌డౌన్ తప్పుగా ఇచ్చారనుకోండి, బాధ నాలుగు రోజులు ఉంటుంది. తలకు తగిలిన దెబ్బను ఎవరూ చూడకపోతే అది నాలుగు రోజుల్లో పోయేది కాదు.

2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక మిడిల్ స్కూల్ మ్యాచ్‌లో 13 ఏళ్ళ అబ్బాయి తలకు దెబ్బ తగిలింది. కాసేపు కూర్చుని మళ్ళీ ఆటలోకి దిగాడు. ఆట అయిపోగానే కుప్పకూలిపోయాడు. ప్రాణం దక్కింది కానీ మాట్లాడటం, నిలబడటం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. 2009లో ఆ రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే చాలు, ఆ పిల్లవాణ్ణి వెంటనే ఆటనుంచి తప్పించాలి, వైద్య నిపుణులు లిఖితపూర్వకంగా ఒప్పుకునేదాకా మళ్ళీ ఆడించకూడదు. 2014కల్లా అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. హైస్కూల్ నియమాల పుస్తకం కూడా అదే చెప్తుంది. తడబడుతున్న, అయోమయంగా ఉన్న ఆటగాణ్ణి అఫీషియల్స్ వెంటనే బయటికి పంపాలి. వాళ్ళు డాక్టర్లు కారు, రోగం ఏమిటో చెప్పనక్కర్లేదు. అనుమానం వచ్చేలా చూడటమే వాళ్ళ పని.

ఇక్కడే సంఖ్య విలువ తెలుస్తుంది. బంతి ఎడమవైపు పోతే అందరి చూపూ ఎడమవైపే పోతుంది. కుడివైపు ఒక కుర్రాడు గుద్దుకుని పడి, లేచి, తూలుతూ తన జట్టువైపు కాకుండా అవతలి జట్టువైపు నడుస్తున్నాడనుకోండి. అది గమనించడానికి బంతిని చూడని ఒక జత కళ్ళు కావాలి. నలుగురే ఉన్నప్పుడు అలాంటి కళ్ళు మిగలడం కష్టం.

మరి అన్ని మ్యాచ్‌లకూ ఏడుగుర్ని పెట్టేయవచ్చు కదా?

మీ పిల్లలు తప్పకుండా ఈ మాట అంటారు. అప్పుడు ఈ ఊహాలెక్క ఇవ్వండి.

ఒక జిల్లాలో శిక్షణ పొందిన అఫీషియల్స్ 70 మంది ఉన్నారు. శుక్రవారం రాత్రి 14 మ్యాచ్‌లు జరగాలి. మ్యాచ్‌కి ఐదుగురైతే 70 ÷ 5 = 14. సరిగ్గా సరిపోయింది. ఏడుగురైతే 70 ÷ 7 = 10. నాలుగు మ్యాచ్‌లు ఆగిపోతాయి. మ్యాచ్‌కి రెండు స్కూళ్ళు కాబట్టి ఎనిమిది స్కూళ్ళ పిల్లలు ఆ రాత్రి ఆడరు. పది మ్యాచ్‌లకు మంచి న్యాయం, నాలుగు మ్యాచ్‌లకు ఆటే లేదు. నలుగురే అనుకుంటే 17 మ్యాచ్‌లకు సరిపడా మనుషులుంటారు, ఇంకా ఇద్దరు మిగులుతారు. అప్పుడు ఏ మ్యాచ్ ఆగదు, కానీ ప్రతి మ్యాచ్‌లోనూ చూపు పలచబడుతుంది.

డబ్బు సంగతి కూడా ఉంది. అఫీషియల్స్‌కి మ్యాచ్‌కి ఇంత అని స్కూళ్ళే చెల్లించాలి. ఐదు నుంచి ఏడుకు వెళ్తే ఖర్చు 40 శాతం పెరుగుతుంది. పెద్ద స్టేడియం ఉన్న స్కూలుకి అది లెక్కలోది కాదు, పల్లెటూరి స్కూలుకి అది పెద్ద మొత్తం.

సంఖ్య పెంచితే చాలు అనుకోవడం కూడా పొరపాటే. తన కళ్ళు ఎక్కడుండాలో తెలియని ఏడుగురి కన్నా తెలిసిన ఐదుగురు మేలు. ఏడుగురూ బంతినే చూస్తుంటే అది ఏడు జతల కళ్ళు కాదు, ఒకే జత. కొత్తవాళ్ళను మొదట జూనియర్ మ్యాచ్‌లకు అనుభవజ్ఞులతో కలిపి పంపి నేర్పించడం అందుకే.

ఇన్ని చూశాక మాకు తోచిన జవాబు ఇది. ప్రధాన జట్ల మ్యాచ్‌కి ఐదుగురు కనీసం ఉండాలి. శిక్షణ పొందినవాళ్ళు దొరికినచోట, ముఖ్యంగా బంతి ఎక్కువగా విసిరే పెద్ద జట్ల మ్యాచ్‌లకు, ఏడుగురు ఉండటం న్యాయం. చిన్న పిల్లల మ్యాచ్‌లకు నలుగురితో నడపవచ్చు, అక్కడ వేగం, దూరం తక్కువ. శుక్రవారం మనుషులు చాలకపోతే సంఖ్య తగ్గించడం కన్నా మ్యాచ్‌ని గురువారానికో శనివారానికో మార్చడం మంచిది. చాలా రాష్ట్రాల్లో ఇప్పుడు అదే చేస్తున్నారు. మీ పిల్లలు దీనితో ఏకీభవించనక్కర్లేదు. కారణం చెప్పి కాదంటే మాకు మరింత సంతోషం.

మనుషులు ఎందుకు చాలడం లేదు?

ఇది తల్లిదండ్రుల పాఠం. ఇందాక చివర్లో అన్నది ఇదే.

అమెరికాలో 11 మంది జట్లతో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలు పది లక్షలకు పైగానే ఉన్నారు. అఫీషియల్స్ మాత్రం తగ్గిపోతున్నారు. 2018–19 నుంచి 2021–22 మధ్య అన్ని ఆటలూ కలిపి సుమారు 50,000 మంది హైస్కూల్ అఫీషియల్స్ ఆ పని మానేశారని జాతీయ సమాఖ్య చెప్పింది. కరోనా ఒక కారణం, వయసు ఇంకో కారణం. కానీ మానేసినవాళ్ళు ఎక్కువగా చెప్పే కారణం ఒకటుంది: తిట్లు.

2017లో అక్కడి అఫీషియల్స్ జాతీయ సంఘం ఒక సర్వే చేసింది. 17 వేలకు పైగా మంది జవాబిచ్చారు. వాళ్ళ సగటు వయసు 53 దాటింది, అంటే కొత్తవాళ్ళు రావడం లేదు. ఆటలో మర్యాద పాడవడానికి ఎక్కువ కారణం ఎవరు అని అడిగితే మొదటి స్థానంలో వచ్చింది ఆటగాళ్ళు కాదు, కోచ్‌లు కాదు. తల్లిదండ్రులు.

ఒక్కసారి ఆలోచించండి. ఈ అఫీషియల్స్‌లో ఎక్కువమంది వారమంతా వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. ఒకరు టీచరు, ఒకరు ఇన్సూరెన్స్ ఏజెంటు, ఒకరు ఫైర్ స్టేషన్‌లో పనిచేస్తారు. శుక్రవారం ఆఫీసునుంచి కాస్త ముందుగా బయల్దేరి, చారల చొక్కా వేసుకుని వస్తారు. రెండున్నర గంటలు పరిగెడతారు. ఒక్క నిర్ణయం నచ్చకపోతే గ్యాలరీలోంచి ‘కళ్ళు కనపడవా?’ అన్న కేక వినిపిస్తుంది. ఒడ్డున కూర్చుని ఈత చెప్పినట్టు, యాభై గజాల దూరంనుంచి మనకు కనపడిందే నిజం అనిపిస్తుంది. కొత్తగా చేరిన పాతికేళ్ళ కుర్రాడు రెండు మూడు సీజన్లు భరిస్తాడు. ఆ తర్వాత శుక్రవారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాడు.

ఇప్పుడు మళ్ళీ ఆ 70 మంది లెక్కకు రండి. అందులో పదిమంది మానేశారు. 60 ÷ 5 = 12. రెండు మ్యాచ్‌లు పోయాయి. లేదా ఐదుగురు ఉండాల్సిన పది మ్యాచ్‌లు నలుగురితో నడిచాయి. బ్యాక్ జడ్జ్ లేరు, పరిగెత్తే ఐదుగురికి ఇద్దరే మిగిలారు. తప్పులు పెరుగుతాయి. తప్పులు పెరిగితే కేకలు పెరుగుతాయి. కేకలు పెరిగితే ఇంకో పదిమంది మానేస్తారు. ‘సరిగ్గా చూడటం లేదు’ అని అరిచిన నోరే చూసే కళ్ళను తగ్గించింది. ఎంతమంది రెఫరీలు ఉండాలన్న ప్రశ్నకు నియమాల పుస్తకం ఒక జవాబు చెప్తుంది. ఎంతమంది ఉంటారన్నది గ్యాలరీ తేలుస్తుంది.

మన స్పోర్ట్స్ డే సంగతి

మన దగ్గర ఈ ఆట లేదు. కానీ గ్యాలరీ ఉంది. స్పోర్ట్స్ డే నాడు పరుగుపందెంలో ఎవరు ముందు రిబ్బన్ తాకారన్నది చూడటానికి ఒకరిద్దరు పీఈటీ సార్లు, సాయానికి నిలబడ్డ ఇంకో టీచరు ఉంటారు. ఎనిమిది మంది పిల్లలు ఒకేసారి వస్తారు. మన దృష్టి మన బిడ్డ మీదే ఉంటుంది, అది సహజం. ఆ సార్ దృష్టి మాత్రం ఎనిమిది మంది మీద ఉండాలి. ఇద్దరూ చూసింది ఒకటే పరుగు, కానీ చూడాల్సిన పని వేరు.

అనుమానం అడగకూడదని మేం అనడం లేదు. అడగాలి. ఎప్పుడు, ఎలా అన్నదే ప్రశ్న. పందెం అయ్యాక, పిల్లలు పక్కకు వెళ్ళాక, ‘సార్, మూడో స్థానం విషయంలో మాకో సందేహం, మీరెలా చూశారు?’ అని అడిగితే ఆయన చెప్తారు. పొరపాటు ఉంటే సరిచేస్తారు కూడా. అదే మాట పిల్లల ముందు గట్టిగా అరిస్తే మన బిడ్డ రెండు పాఠాలు నేర్చుకుంటాడు. ఓడిపోతే తప్పు ఎప్పుడూ ఇంకొకరిదే అన్నది ఒకటి. నిర్ణయం చెప్పే పని తలకెత్తుకోవడం తెలివితక్కువ అన్నది రెండోది. రేపు ఆ బిడ్డ టీచరో, ఇంజినీరో, కలెక్టరో అయితే చేయాల్సింది సరిగ్గా ఆ పనే.

ఇంట్లో చేసి చూడండి

ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని ఈ నాలుగూ ప్రయత్నించండి. 5, 6 తరగతుల పిల్లలకు మొదటి రెండు చాలు. 7 నుంచి 10 తరగతులవారు అన్నీ చేయగలరు.

1. అమెరికాలో చిన్న పల్లెటూరి స్కూళ్ళు కొన్ని జట్టుకు ఆరుగురితో ఆడతాయి. ఆ మైదానం పొడవు 80 గజాలు, రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్లు, వెడల్పు 40 గజాలు. మొత్తం వైశాల్యం ఎంత? ఒక్కో ఆటగాడికి ఎన్ని గజాలు వస్తాయి? పెద్ద మైదానంలో 22 మందికి వచ్చే వాటాతో పోల్చండి.

2. జిల్లాలో 63 మంది అఫీషియల్స్ ఉన్నారు. 11 మ్యాచ్‌లు జరగాలి. ప్రతి మ్యాచ్‌కి కనీసం ఐదుగురు ఉండాలి. మిగిలినవారితో ఎన్ని మ్యాచ్‌లకు ఏడుగుర్ని పెట్టవచ్చు?

3. రెండో లెక్కలో ఏడుగురు ఏ మ్యాచ్‌లకు వెళ్ళాలి? పెద్ద స్కూళ్ళకా, ప్లేఆఫ్ దగ్గరపడ్డ జట్లకా, లాటరీ తీయాలా? మీ పిల్లవాడు ఒకటి ఎంచుకుని మూడు వాక్యాల్లో కారణం రాయాలి. మీరు కావాలని అవతలి పక్షం వాదించండి.

4. వీధిలోనో, అపార్ట్‌మెంట్ కింద ఖాళీ స్థలంలోనో పిల్లలు క్రికెట్ ఆడేటప్పుడు మీ అబ్బాయినో అమ్మాయినో ఐదు ఓవర్లు అంపైర్‌గా నిలబెట్టండి. ఆట అయ్యాక ఒక్కటే అడగండి: ‘నీకు సరిగ్గా కనపడని బంతులు ఎన్ని?’ వాళ్ళు చెప్పేది ఓపికగా వినండి.

జవాబులు: ఒకటో లెక్కలో వైశాల్యం 4,000 చదరపు గజాలు, 12 మందికి భాగిస్తే ఒక్కొక్కరికి సుమారు 333 గజాలు. పెద్ద మైదానంలో 6,400ను 22తో భాగిస్తే సుమారు 291. అంటే ఆరుగురి ఆటలో మైదానం చిన్నదైనా ఒక్కో ఆటగాడికి చోటు ఎక్కువ. రెండో లెక్కలో 11 మ్యాచ్‌లకు 55 మంది పోగా 8 మంది మిగులుతారు. మ్యాచ్‌కి ఇద్దరు అదనం కాబట్టి నాలుగు మ్యాచ్‌లకు ఏడుగురు ఉంటారు. మూడు, నాలుగు ప్రశ్నలకు జవాబులు మా దగ్గర లేవు, మీ ఇంట్లో ఉన్నాయి.

మూడో ప్రశ్నకు పిల్లలు రాసిన వాక్యాలను డైరీలో పెట్టి క్లాస్ టీచర్‌కి పంపండి. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో వాటిని నోటీసు బోర్డు మీద పెడతాం. స్పోర్ట్స్ డే నాడు ఫినిషింగ్ లైన్ దగ్గర టీచర్లతో పాటు నిలబడి చూడటానికి తల్లిదండ్రుల్లో ఎవరైనా ముందుకు వస్తే పీఈటీ సార్‌కి పేరు ఇవ్వండి. మీ బిడ్డ పరిగెత్తని పందెానికే మిమ్మల్ని నిలబెడతాం. ఇంకో జత కళ్ళు ఎప్పుడూ అవసరమే.